అద్భుత కథాచిత్రములలో నాయక లక్షణము

'పాతాళ భైరవి' చిత్రమున నాయకుడెవడని అడిగినచో పసివాడును తోట రాముడనియే చెప్పును. ఎందుచేతనని అడిగినచో పెద్దలును కొంత తడవు ఆలోచింపవలసి వచ్చును. విద్యలో మాంత్రికుడధికుడు, పట్టుదలలో అధికుడు. ఓర్పున, ప్రయత్నమున, గురి తప్పని చూపున రాముడాతనికి సాటి రాడు. సాహసము చేయుమని కథలో మాటిమాటికి ప్రబోధించువాడును మాంత్రికుడే. 1951లో ఆ చిత్రము వెలువడినది మొదలు తెలుగునాట జనుల నాలుకలపై నిలిచినవి రాముని మాటలు కావు, ఆ నేపాళ మాంత్రికుని మాటలు. 'డింభకుడు' అను సంస్కృత శబ్దము పల్లెటూరి పిల్లలకు సైతము పరిచితమగుటకు కారకుడు ఎస్. వి. రంగారావు. అట్లయ్యు మాంత్రికుడు నాయకుడు కాలేదు. తోటమాలి కొడుకు నాయకుడయ్యెను. ప్రేక్షకులు ఈ తీర్పును లవలేశమును సంశయింపక ఇచ్చిరి. ఆ తీర్పునకు ఆధారమేమి యనునది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

'అద్భుత కథాచిత్రము' అను పేరును ఇచట కొంత విశాలార్థమున వాడుచున్నాను. జానపద చిత్రములని మనవారు వాడుకగా పిలుచునవి, భూతప్రేతముల కథలు, పునర్జన్మ కథలు, ఇటీవలి మహాశక్తిధరుల కథలు, ఒక్క మాటలో, మానుషాతీతమైన శక్తి యేదో కథను నడుపుచుండగా మనుష్యుడు దాని నెదుర్కొను చిత్రములన్నియు ఇందు చేరును. పౌరాణికములను విడిచితిని. అందు నాయకుడు దేవుడో, దేవాంశసంభూతుడో యగుటచే అతని శక్తి అతని స్వభావమే. ఘటోత్కచుడు ఆకారము మార్చినచో మన మానందింతుము గాని, అతడేమి పణముగా ఒడ్డెనని అడుగము.

మన ఆలంకారికులు నాయకుని గూర్చి చేసిన విచారము సామాన్యమైనది కాదు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున వెలసిన విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయము'న నాయకగుణములను గణించుచు మహాకులీనతను మొట్టమొదట నిలిపెను. ఈ కొలబద్దతో కొలిచినచో తోట రాముడు గడప దాటి లోనికి రాజాలడు. ఉజ్జయిని రాజును ఇంచుమించు విద్యానాథుని పక్షమువాడే. అయితే ఆయన కులీనతకు మారుగా సంపదను స్వీకరించుటకు సిద్ధపడెను. తనకు తుల్యమైన ఐశ్వర్యముతో వచ్చినచో పిల్లనిత్తు ననెను. కథ యంతయు ఈ బేరము నుండియే పుట్టినది. ధనంజయుని 'దశరూపకము' మనకు ఇంతకంటె నుపకరించును. నేతకుండవలసిన గుణములలో ఆయన వినయ మాధుర్యముల వెంటనే త్యాగమును చెప్పి, వంశప్రసిద్ధిని చాల దూరము పిమ్మట చేర్చెను. ప్రతినాయకుని నిర్వచించుచు మొదట వాడిన విశేషణము 'లుబ్ధుడు'. ఉద్ధతుడైన నాయకునికి మాయయు కపటమును చెల్లునని ఒప్పుకొన్నవాడే, ప్రతినాయకుని గుర్తించుటకు మాయను గాక లోభమును ముందు నిలుపుట గమనింపదగినది. మాయ నెఱిగియుండుట దోషము కాదు. లోభము దోషము. మాంత్రికుని లోభము ధనమున గాక మఱి దేనియందున్నదో ముందు చూతము.

అద్భుత కథకు స్వభావసిద్ధమైన చిక్కు మఱొకటి కలదు. వీరమునకు ఉత్సాహమును, అద్భుతమునకు విస్మయమును స్థాయిభావములు. వీరము నుండి అద్భుతము పుట్టునని భరతుని మతము. అనగా, ఒకడు చేసిన వీరకార్యమును చూచి లోకము ఆశ్చర్యపడును. చలనచిత్రము ఈ క్రమమును తలక్రిందులు చేసినది. ఇచట ఆశ్చర్యము ముందే సిద్ధముగా నుండును. మార్కస్ బార్ట్లే వంటి ఛాయాగ్రాహకుని చేతిలోని యంత్రము దానిని కల్పించును. నాయకుడు వ్రేలు కదల్పనక్కఱలేదు. మేడ గాలిలో లేచును, బొమ్మ నుండి దేవత దిగివచ్చును, విగ్రహము ప్రాణము పోసికొని కత్తి దూయును. ప్రేక్షకుని విస్మయమంతయు ఆ వింతలకు ఖర్చగుచుండగా నాయకుడును మనతో పాటు నోరు తెఱచి చూచు ప్రేక్షకుడుగా మిగిలిపోవు ప్రమాదము ఎల్లప్పుడు నుండును. దుర్బలమైన జానపద చిత్రములు పెక్కింటికి పట్టిన గతి యిదియే. వానిలో కత్తియుద్ధములు ఎన్ని యున్నను, నాయకుడు మాయల మధ్య నడచు అతిథివలె కనబడును. ఈ ప్రమాదమును తప్పించుకొన్న చిత్రములు ఏ యుపాయముచే తప్పించుకొన్నవో గమనించినచో నాయక లక్షణము దానంతట అదియే తేలును.

అందులకు 'సాహసము' అను పదమే మనకు దారి చూపగలదు. ధర్మశాస్త్రములందు సాహసమనగా బలాత్కారముగా చేయు నేరము; పదునెనిమిది వ్యవహారపదములలో నొకటి. మూలఘటిక కేతన తెనిగించిన 'విజ్ఞానేశ్వరీయము' చదివినవారికిది క్రొత్త గాదు. అమరకోశము ఈ శబ్దమును దండమునకు పర్యాయముగా చెప్పినది. కథావాఙ్మయమునకు వచ్చుసరికి ఇదే శబ్దము ప్రశంసయై పోయినది. విక్రమార్కుడు సాహసాంకుడు. కొఱవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక'ను చూచినచో ఆ రాజు చేయు సాహసమునకు ఒక నియతరూపము కనబడును: పరుల కోరిక తీఱుటకు దేవత బలి యడుగును, రాజు తన కంఠముననే కత్తి పెట్టుకొనబోవును. పరుని మీద చేయి చేసికొనుట శాస్త్రములోని సాహసము, తన తల తానిచ్చుటకు తెగించుట కథలోని సాహసము. ఒకే శబ్దము ఈ రెండర్థములను మోయుట యాదృచ్ఛికము కాదని నా తలంపు. రెండింటను తెగువ యొక్కటే. ఆ తెగువకు మూల్యము చెల్లించు శరీరము మాత్రము వేఱు.

ఈ భేదమును కథగా కట్టి చూపినది బేతాళ పంచవింశతి. సోమదేవుని 'కథాసరిత్సాగరము'న క్షాంతిశీలుడను భిక్షువు త్రివిక్రమసేన మహారాజును ఆశ్రయించి, శ్మశానమున చెట్టునకు వ్రేలాడు శవమును తెమ్మని కోరును. శవమందలి బేతాళుడు కథలు చెప్పి చెప్పి తుదకు భిక్షువు హృదయమును బయటపెట్టును. సాష్టాంగము చేయుమని రాజుతో చెప్పి, వంగిన రాజును నఱికి బలియిచ్చుట వాని పన్నాగము. ఎట్లు వంగవలెనో నీవే చూపుమని అడుగుమన్నాడు బేతాళుడు. భిక్షువు వంగెను, రాజు నఱికెను. ఇట రాజు చేసిన పనిని మాత్రమే చూచినచో భిక్షువు చేయదలచిన పనికిని దానికిని భేదము లేదు. ఇద్దఱును ఎదుటివాని తలనే కోసినవారు. భేదము దానికి ముందున్నది. ఆ రాత్రి యంతయు శవమును భుజమున మోసినవాడు రాజు. మౌనము చెడి శవము చెట్టెక్కినప్పుడెల్ల విసువుకొనక మరలి వెళ్లినవాడు రాజు. మోయించినవాడు భిక్షువు. ఇక పిమ్మట చూడుడు: వరము కోరుకొమ్మన్నప్పుడు రాజు ఈ కథలు లోకమున ప్రసిద్ధి చెందవలెనని మాత్రమే కోరెను.

1985లో రామానంద సాగర్ దూరదర్శన్ కొఱకు తీసిన 'విక్రమ్ ఔర్ బేతాళ్' ధారావాహికయందు ఈ మోత మఱింత స్పష్టముగా గోచరించును. దూరదర్శనమున కథ వారమున కొకటిగా వచ్చుచుండెను. ప్రతివారము రాజు శవమును దించును, భుజమున వేసికొనును, కథ వినును, సమాధానము చెప్పును, శవము ఎగిరిపోవును. చిత్రమందు రెండు గంటలలో ముగిసిపోవు సాహసము దూరదర్శనమున ముగియని కూలిపనివలె కనబడును. అరుణ్ గోవిల్ ముఖమున వీరావేశమున కంటె ఓర్పే అధికముగా నుండుట ఆ పాత్రకు తగియున్నది. ఆ కాలమునకు తెలుగు బాలురకు ఈ కథ క్రొత్త కాదు. 1947లో ప్రారంభమైన 'చందమామ' బేతాళకథలను దశాబ్దముల తరబడి ప్రచురించి, పట్టువదలని ఆ రాజును ఇంటింటివాని చేసినది. చందమామను స్థాపించిన నాగిరెడ్డి చక్రపాణులే విజయా సంస్థ పక్షమున 'పాతాళ భైరవి'ని నిర్మించిరి. ఆ చిత్రకథకు మూలములను వెదకువారు మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథల'ను, అరేబియా వారి అల్లావుద్దీను కథను చూపుదురు. అది యుక్తమే. ఐనను బలికి తెచ్చినవాడు తానే బలియగు ఘట్టమునకు బేతాళకథ బంధుత్వము విస్మరింపరానిది.

ఇక 'పాతాళ భైరవి'. పింగళి నాగేంద్రరావు కూర్చిన కథను కె. వి. రెడ్డి నడిపిన తీరును కొంత నిలిచి పరిశీలింపవలెను. మాంత్రికునికి కావలసినది సకలగుణ సంపన్నుడైన యొక సాహసవంతుడు. ఆ యువకుని బలియిచ్చినచో పాతాళ భైరవి ప్రసన్నయై, అడిగినదెల్ల ఇచ్చు ప్రతిమ లభించును. ఇందలి వైపరీత్యమును చూడుడు. మాంత్రికుడు వీరుని వెదకుచున్నాడు; వీరుని పరీక్షించుచున్నాడు; వీరుని గుణములను మనకంటె ముందు గుర్తించినవాడును ఆతడే. ఉజ్జయిని రాజునకు తోటమాలి కొడుకు మాత్రమే కనబడినచోట మాంత్రికునికి మహావీరుడు కనబడెను. గుణగ్రహణమున ఆతడు రాజును మించినవాడు. కాని ఆ గుణములన్నియు ఆతని దృష్టిలో వెల మాత్రమే. సంతలో కోడెను మెచ్చుకొను కసాయి మెప్పు వంటిది ఆ మెప్పు. ఆతని లోభమిదియే, ధనమునందు కాదు, ఇతరుల సద్గుణములయందు.

మొసలి రూపమున శాపమనుభవించుచున్న స్త్రీ విముక్తి పొంది నిజము చెప్పుటచే రాముడు మేల్కొనును. మాంత్రికుని శిరస్సే దేవికి ముట్టును. ప్రతిమ రాముని చేత పడును. ఇచట విమర్శకుడు ఆగక తప్పదు. పరుల శిరస్సుతో వెల చెల్లించువాడు ప్రతినాయకుడని మనము సూత్రీకరించినచో, రాముడును పరుని శిరస్సుతోనే ప్రతిమను కొన్నాడు గదా! ఆత్మరక్షణమని సమాధానము చెప్పవచ్చును. ప్రాణము దక్కించుకొనుట వఱకే అది చాలును. ఆ బలికి ఫలముగా వచ్చిన ప్రతిమను పుచ్చుకొని, మేడలు కట్టించి, సంపద చూపి రాజకుమారిని అడుగుటకు అది చాలదు. ఈ యాక్షేపమును నేను చిన్నదిగా చూడను. ఇదియే లేకున్నచో ఈ చిత్రము మఱొక అల్లావుద్దీను కథయై పోయియుండెడిది.

అయితే చిత్రకారులు ఈ యాక్షేపమును కథలోనే ఇమిడ్చిరని గ్రహింపవలెను. కథ ఇచట ముగియలేదు. సగము మాత్రమే నడచినది. రాజుగారి పణము తీఱినది, మేడ లేచినది, వివాహము సమీపించినది. అప్పుడు శిష్యుడగు సదాజపుడు మాంత్రికుని మరల బ్రతికించును. రాజు బావమఱది శూరసేనుని మూర్ఖత ద్వారమున ప్రతిమ చేయి మాఱును. మేడయు రాజకుమారియు ఒక్క పెట్టున మాయమగుదురు. పరశిరస్సుతో కొన్నది ఇంట నిలువలేదు. చచ్చినవాడు లేచి వచ్చి తన సొమ్ము తాను పట్టుకొనిపోయినట్లుగా పోయినది. రాముడిప్పుడు మొదటికంటె దీనుడు. మొదట లేమి మాత్రమే యుండెను. ఇప్పుడు దానికి అపనింద తోడైనది. ఈ స్థితి నుండి బయలుదేఱిన రాముడే నాయకుడని నా అభిప్రాయము. వెంట ప్రతిమ లేదు, అంజి యున్నాడు. దారిలో భూతముల కలహమున మాయవస్తువులు దొరకినను, మాంత్రికుని గుహలో కార్యము నెఱవేర్చినవి ప్రధానముగా స్నేహితుని వేషము, బుద్ధి, బాహువు. మాంత్రికుడు ఇందుమతి ప్రీతికై తన శక్తికి నెలవగు గడ్డమును తీయించుకొనుట హాస్యమునకై చేర్చినదిగా తోచునుగాని అందు అర్థగౌరవము లేకపోలేదు. శక్తిని వెండ్రుకలలో దాచుకొన్నవాడు మంగలికత్తికి లోబడెను. శక్తిని ఎచటను దాచుకొననివానికి పోగొట్టుకొనుటకు ప్రాణము దప్ప మఱేమియు లేకుండెను. ఎన్. టి. రామారావు ఈ యుత్తరార్ధమున చూపిన నిదానము పూర్వార్ధపు దూకుడు కంటె మేలైనది. చిత్రము విడుదలైన నాళ్ల నుండియు పొగడ్తలు పూర్వార్ధమునకే దక్కుచుండుట నాకు వింతగా నుండును.

దాచుట యను ఈ యంశము మన జానపద కథలన్నిట వ్యాపించియున్నది. సి. పుల్లయ్య దర్శకత్వమున జెమినీ వారు 1942లో తీసిన 'బాలనాగమ్మ'ను గైకొనుడు. బుఱ్ఱకథల ద్వారమున జనులకు చిరపరిచితమైన కథ యది. మాయలవాని ప్రాణము వాని దేహమున లేదు. ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నది. ప్రాణమును భద్రపఱచుకొని ఇతరుల ప్రాణములతో ఆడుకొనువాడు ప్రతినాయకుడు. అరచేత ప్రాణములు పెట్టుకొని కోటలో చొరబడు బాలవర్ధి ఆతనికి ప్రతిపక్షము. పసివాడగుటచే ఆతని ప్రాణము మఱింత బయటనున్నట్లు మనకు తోచును. భర్తయగు కార్యవర్ధి పరాక్రమవంతుడే. కాని ఆతడు సేనతో వచ్చెను, శిలయయ్యెను. సేన యనగా ఇతరుల ప్రాణములే గదా అని అడుగవచ్చును. జానపదుడు అంత దూరము ఆలోచించి కట్టలేదనువారితో నాకు వాదము లేదు. కథ మాత్రము అట్లే నడచినది.

జానపద చిత్రముల ప్రవాహము సన్నగిల్లిన పిమ్మట సింగీతము శ్రీనివాసరావు 1994లో తీసిన 'భైరవ ద్వీపము' పూర్వచిత్రములకు భక్తితో చేసిన తర్పణము వంటిది. పూర్వుల సామగ్రి యంతయు అందున్నది. కాని అందొక క్రొత్త ఘట్టము కలదు. ప్రియురాలి రక్షణకై హారమును సంపాదింపబోయిన నాయకుడు విజయుడు శాపవశమున కురూపి యగును. తెలుగు చిత్రమున నాయకుని రూపము ఎంతటి పవిత్ర వస్తువో ఎఱిగినవారికి ఇందలి తెగువ తెలియును. బాలకృష్ణ వంటి ప్రజాదరణ గల నటుని ముఖమును అట్లు వికృతము చేసి తెఱపై నిలుపుట దర్శకుని సాహసము. అందులకు ఒప్పుకొనుట నటుని సాహసము. ఖడ్గముతో విజయుడు చేసిన కార్యములన్నియు కలిసి ఆ ఒక్క ఘట్టమునకు సాటి రావు. పాతాళ భైరవిలో అస్పష్టముగా నున్న లక్షణము ఇందు శరీరమున వ్రాసినట్లు కనబడుచున్నది. అద్భుత శక్తికి వెల యున్నది. దానిని తన దేహముతో తీర్చువాడు నాయకుడు.

2009లో వెలువడిన రెండు చిత్రములు ఈ లక్షణమునకు మంచి పరీక్ష. 'మగధీర' పునర్జన్మ కథ. కాలభైరవుడు శతవైరులతో పోరి పడిన ఘట్టము యుద్ధవీరమునకు లక్ష్యము కాదగును. కాని అది పూర్వజన్మకు చెందినది. ఈ జన్మమున హర్షుడు నాయకుడగుట వారసత్వముచే పొలము దక్కినట్లు దక్కినది. విద్యానాథుని మహాకులీనత పునర్జన్మ వేషమున మరల తలుపు తట్టినదని నాకు తోచినది. కోడి రామకృష్ణ దర్శకత్వమున వచ్చిన 'అరుంధతి'యును పునర్జన్మ కథయే. గద్వాల సంస్థానము చుట్టును అల్లినది. కాని అందు పూర్వజన్మ నుండి వచ్చినది కీర్తి కాదు, ఋణము. పశుపతి ప్రేతమును అంతము చేయగల ఆయుధము జేజమ్మ ఎముకల నుండి తయారు కావలెను. అందులకై ఆమె తల మీద కొబ్బరికాయలు కొట్టించుకొని బుద్ధిపూర్వకముగా మరణించును. దధీచి వృత్తాంతము స్ఫురింపకపోదు. అయితే దధీచి ఎముకలతో వజ్రాయుధమును ప్రయోగించినవాడు ఇంద్రుడు, ఇచట ఇచ్చునదియు ప్రయోగించునదియు ఒక్కతెయే, రెండు జన్మములలో. ఆ యాయుధము ఆమె నెత్తురు తగిలిన గాని పనిచేయదనుట మఱియు గమనింపదగినది. రెండవ అరుంధతి వారసత్వముగా పొందిన ఆయుధమునకు తానును కొంత చెల్లింపవలసి వచ్చినది. హర్షుని కథలో ఈ చెల్లింపు లేదు. చిత్రకళాదృష్టితో చూచినచో 'మగధీర'యే మెఱుగైనదను వారు కలరు. అది వేఱు విచారము.

రాజమౌళియే 2012లో తీసిన 'ఈగ' ఆ లోపమును పూరించినది. నాయకుడు చంపబడి ఈగయై పుట్టును. అద్భుతము ఆతనికి బలమీయలేదు. ఉన్న బలమును కూడ హరించినది. దివ్యశక్తిచే నాయకుడు పెద్దవాడగుట మనమెఱుగుదుము గాని చిన్నవాడగుట అరుదు. ప్రతినాయకుడు ధనవంతుడు, బలవంతుడు, అవసరమైనచో మాంత్రికుని కూడ నియోగింపగలవాడు. తుదకు ఈగ మండుచున్న అగ్గిపుల్ల నుండి తన దేహమునకు నిప్పంటించుకొని ఫిరంగిలో దూరును. చిన్నపిల్లలు కేరింతలు కొట్టుచు చూచు చిత్రమున ఆత్మాహుతి అంతటి సూటిగా కనబడుట ఆశ్చర్యము. జగదేకవీరుల కథలకు లేని గాంభీర్యము ఆ కీటకమునకు దక్కినది.

మాట వచ్చినది గనుక జగదేకవీరులను గూర్చి రెండు వాక్యములు. 1961 నాటి 'జగదేకవీరుని కథ' సంగీతమునందు, హాస్యమునందు మిన్న. నాయకుడు మాత్రము కోరికలకును వరములకును నడుమ సులభముగా నడచిపోవును. 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఉంగరము దొరకినది నాయకుడు ఒక పసిదాని వైద్యమునకై హిమాలయములకు వెళ్లినప్పుడు. ఆ కారణమొక్కటే రాజును నాయకస్థానమున నిలుపుటకు చాలినది.

దేవతయే దిగివచ్చి కార్యము తీర్చు కథలలో నాయకుడెవ్వడు? 1995 నాటి 'అమ్మోరు'లో చివరకు మాంత్రికుని సంహరించునది అమ్మవారే. భవాని భక్తురాలు, సహనశీల. ఆమెను నాయికయనుటకు అడ్డు లేదు గాని మనము విచారించుచున్న అర్థమున వీరనాయిక యనజాలము. ప్రశాంత్ వర్మ 2024లో తీసిన 'హను-మాన్' ఈ సరిహద్దున నిలిచినది. అంజనాద్రి గ్రామపు చిల్లరదొంగ హనుమంతునకు ఆంజనేయుని రక్తబిందువు నుండి పుట్టిన మణి దొరకును. మణి దొరకుటకు ముందు ఆతడు ఒక యువతిని కాపాడబోయి కత్తిపోటు తిని నీటబడెను. అనగా ముందు తన నెత్తురు చెల్లించిన తరువాతనే శక్తి చేతికి వచ్చినది. ఇది చక్కని కూర్పు. అంతకంటె చక్కనిది మైఖేలు పాత్ర. ఆతడు లోకము నేల గోరలేదు, ధనము కోరలేదు. మహావీరుడు కావలెనని కోరెను. కథలలో మహావీరులు తల్లిదండ్రులు లేనివారని గమనించి, బాల్యముననే తన తల్లిదండ్రులను చంపెను. నేపాళ మాంత్రికుడు వీరుని తలతో ప్రతిమను కొనజూచినాడు. మైఖేలు కన్నవారి ప్రాణములతో వీరత్వమునే కొనజూచెను. మన ప్రశ్నను ఇంత తీవ్రముగా అడిగిన పాత్ర తెలుగు చిత్రమున మఱొకటి నేను చూడలేదు. చిత్రము తుదిభాగమున దైవమునకే కార్యము నప్పగించి హనుమంతుని కొంత ప్రక్కకు జరపుట లోపము. అట్టి ప్రశ్నకు మనుష్యుడే సమాధానము చెప్పియుండవలసినది.

ధైర్యమే నాయకలక్షణమను సామాన్యాభిప్రాయమును నేను ఇంతవఱకు స్పృశింపలేదు. దానికి సమాధానము 2022 నాటి 'మసూద'లో నున్నది. అందు గోపి మిక్కిలి పిఱికివాడు. పొరుగింటి ఉపాధ్యాయురాలి కూతురు భూతావిష్టురాలైనప్పుడు ఆతనికి కలిగిన వెఱపు ప్రేక్షకుని వెఱపు కంటె తక్కువ కాదు. వెఱచుచునే వెళ్లెను. ఆ పిల్లయు తల్లియు ఆతనికి బంధువులు కారు. కాదని తప్పుకొన్నచో అడుగువారు లేరు. ధీరత్వము నాయకులందఱికిని సామాన్యమన్న ధనంజయునితో ఇచట మనము విభేదింపవలసియున్నది. దైర్యము లేనివాడును, తన దేహమును అడ్డుపెట్టినచో, అద్భుత కథలో నాయకుడు కాగలడు.

ఇంతవఱకు చెప్పినది సాగినదిగాని, దీనికి లోబడని యంశమొకటి మిగిలియున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. వెల చెల్లించువాడు నాయకుడని యంటిమి. కాని మన చిత్రములలో ఆ వెలను తుదివఱకు మోయువారెవరు? 'భైరవ ద్వీపము'న విజయుని కురూపము ఆతనితో నిలువలేదు. తల్లి దేవిని ప్రార్థించి దానిని తనపైకి తెచ్చుకొనును. నాయకుడు సుందరుడై యుద్ధమునకు వెళ్లును. 'హను-మాన్'లో తమ్ముని కొఱకు అక్క అంజమ్మ ప్రాణము విడుచును. ఆమె మరణము తరువాతనే హనుమంతుని శక్తి పరాకాష్ఠ నందును. ఈ రెండు చోట్లను ఇంటి స్త్రీ శరీరమే వెలయై పోయినది. తేడా యేమనగా, మాంత్రికుడు అడిగి, మోసగించి, బలవంతముగా తీసికొన జూచినదానిని వీరు అడుగకయే ఇచ్చిరి. అడుగకయే ఇచ్చినది గనుక నాయకునికి దోషము లేదు, నిజమే. అట్లని నాయకత్వమంతయు ఆతనికే చెందునా? మనము ప్రతిపాదించిన సూత్రమును చిత్తశుద్ధితో వర్తింపజేసినచో 'భైరవ ద్వీపము'నకు సగము నాయకత్వము ఆ తల్లికి పంచియీయవలసి వచ్చును.

'బాలనాగమ్మ' కథ ఈ లెక్కలో మఱింత సూటియైనది. చిలుకను చంపినవాడు బాలవర్ధి. చిలుక ఎచటనున్నదో మాయలవాని నోట రాబట్టినది బాలనాగమ్మ. వ్రతము నెపమున ఆతనిని ఏండ్ల తరబడి దూరముగా నిలిపి, ఆ కోటలో ఒంటిగా, నిలిపిన ప్రతి దినమును తన దేహమునే పణముగా ఒడ్డి గడిపినదియు ఆమెయే. కత్తి కొడుకు చేతిలోనిది. కాంచనమాల ధరించిన ఆ పాత్ర తెఱపై కత్తి పట్టలేదు. కాని కథకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు బుఱ్ఱకథ చెప్పినవారు గాని, చిత్రము తీసినవారు గాని బాలవర్ధి పేరు పెట్టలేదు.